గాలి డబ్బాకు గంధం బొట్టు

మా మామ తిట్టడం మొదలుపెడితే మధ్యలో ఊపిరి తీసుకునేవాడు కాదు. చిన్నప్పటి నుంచి ఆ తిట్లు తింటూ పెరిగినవాణ్ణి కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను. మా ముత్తాతతో మొదలుపెట్టి, తాతను పలకరించి, మా ఇంటి గేదెను కూడా వదలకుండా, చివరికి నా చేతి వంకర దగ్గర ఆగేవాడు. అదంతా ఒక్క ఊపిరి. వాడు ఆళ్ళగడ్డలో తిడితే శిరివెళ్ళలో చెవులు మూసుకోవాలని మా అమ్మ అనేది. ఆమె ఆయనకు సొంత అక్క, వాడూ వీడూ అనే హక్కు ఆమెకుంది. నాకు లేదు. నేను ఆయనకు మేనల్లుణ్ణి, పైగా ఆయన కూతుర్నే చేసుకున్న అల్లుణ్ణి. రెండు వైపుల నుంచీ దొరికిపోయాను.

తిట్లకు కారణం ఒక్కటే, నేను ఉలి వదిలేయడం. మాది రాతి విగ్రహాలు చెక్కే ఇల్లు. ఆళ్ళగడ్డలో రోడ్డు పక్కన షెడ్ల ముందు, ఇంకా కళ్ళు తెరవని దేవుళ్ళు బస్సు కోసం ఎదురుచూస్తున్నట్టు నిలబడి ఉంటారు చూడండి, వాళ్ళలో కొందరు మా మామ చేతివాళ్ళు. ఆయన నాకు పనులన్నీ నేర్పాడు. నేను చెక్కిన మొదటి వినాయకుడికి తొండం ఎటు తిరగాలో తొండానికే తెలియలేదు. ఆ తర్వాత నేను చదువుకుని, నంద్యాల చేరి, గాలిని చూసుకునే ఉద్యోగంలో కుదురుకున్నాను.

ఆ ఉద్యోగం ఏమిటో మా ఇంట్లో ఇప్పటికీ చాలామందికి తెలియదు. పెద్ద కట్టడాల గోడలకు అరచేయంత తెల్ల డబ్బాలు బిగిస్తాను. డబ్బా ముఖాన సన్నని బొక్కలుంటాయి. వాటిలోంచి అది గాలి పీల్చి, దుమ్మెంత ఉంది, తేమ ఎంత ఉంది, జనం వదిలిన ఊపిరి ఎంత పేరుకుంది అని చూసి వైఫై మీద ఇంకో పెద్ద డబ్బాకు చెబుతుంది. ఆ పెద్ద డబ్బా ఫ్యాన్లను తిరగమంటుంది, ఏసీని తగ్గమంటుంది, బయటి గాలికి తలుపు తీస్తుంది. మనిషి లేచి స్విచ్ వేయనక్కర్లేదు. ఇదంతా నేను చేతులు తిప్పుతూ చెబితే మామ చివరిదాకా విని, మనిషికి దేవుడు ముక్కు పెట్టింది ముక్కుపొడుం పీల్చేదానికేనా అని అడిగాడు.

నంద్యాలలో నాకు పేరు తెచ్చిపెట్టింది ఒక సావుకారి బట్టల అంగడి. నాలుగంతస్తులు, అన్నిటికంటే పైన పట్టుచీరలు. పెళ్ళిళ్ళ కాలంలో జనం కిక్కిరిసి, పైన గాలాడక, ఆడవాళ్ళు చీర మడత విప్పించకుండానే కిందికి దిగిపోతున్నారని ఆయన బాధ. డబ్బాలు పెట్టాక జనం పెరిగేకొద్దీ బయటి గాలి దానంతట అదే లోపలికొచ్చేది. మధ్యాహ్నం అంగడి ఖాళీ అయితే ఏసీ దానంతట అదే పడుకునేది. సావుకారికి ఈ రెండోది మరీ నచ్చింది. చీర చూపించమంటే ముందు గోడ మీది డబ్బా చూపించేవాడు.

అయితే మొదటి శుక్రవారం సాయంత్రం అలవాటు ప్రకారం అంగడంతా సాంబ్రాణి వేశారు. పొగ చూసి డబ్బాలు హడలిపోయాయి. నాలుగంతస్తుల ఫ్యాన్లూ ఒక్కసారి లేచాయి. కౌంటర్ల మీద పరిచిన చీరలు కొంగులు ఎగరేశాయి, లక్ష్మీదేవి పటం ముందు దీపం ఆరిపోయింది. సావుకారి నన్ను పిలిచి, "నీ మిషను లక్ష్మిని బయటికి తోస్తాండాదప్పా," అన్నాడు. మర్నాడే ఒక పూజ బటన్ పెట్టాను. అది నొక్కితే హారతి అయ్యేదాకా డబ్బాలు పొగను చూసీ చూడనట్టు ఊరుకుంటాయి. దేవుడికీ మిషనుకీ ఇంత సులువుగా రాజీ కుదిర్చిన మొనగాడు జిల్లాలో ఇంకొకడు లేడని కొన్నాళ్ళు చెప్పుకుని తిరిగాను.

ఆ రోజుల్లోనే మామ తిట్లు ముక్కలు కావడం మొదలైంది. ముత్తాత దగ్గర ఒక దగ్గు, తాత దగ్గర రెండు దగ్గులు. గేదె దాకా వచ్చేసరికి ఆయన గోడకు చెయ్యి ఆనించి నిలబడిపోయేవాడు. నేను తల వంచుకుని మిగతా తిట్ల కోసం ఎదురుచూస్తే అవి వచ్చేవి కావు. నా భార్య ఆయన్ను బలవంతంగా నంద్యాలకు లాక్కొచ్చింది. డాక్టర్ ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి చూసి, రాతిపొడి ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి కూర్చుందని, పోయింది తిరిగి రాదని, ఇంకా దుమ్ము పీలిస్తే మిగిలింది కూడా పోతుందని చెప్పాడు. ఆ మాట విని నా భార్య ముఖం పాలిపోయింది. మామ మాత్రం చొక్కా గుండీలు పెట్టుకుంటూ, "లోపల రాయుంటే ఉండనీ సార్. దాంట్లో గూడా ఏదో ఒక బొమ్మ చెక్కుకుంటా," అన్నాడు.

పని మానడు. మాస్కు పెట్టుకోడు. మాస్కు పెట్టుకుంటే తిట్లు బయటికి సరిగ్గా రావని ఆయన అభ్యంతరం. ముక్కుకు తువ్వాలు కట్టుకుని కాసేపు చెక్కి, ఎవరో ఒకరిని మందలించడానికి దాన్ని గడ్డం కిందికి లాగేవాడు, అది ఇక అక్కడే ఉండేది. పైగా అప్పుడే గోస్పాడు దగ్గరి ఒక పల్లె రైతులు వచ్చి గుడికి ఆంజనేయుడు కావాలన్నారు, అదీ నిలువెత్తు విగ్రహం, నల్లరాయిలో. ఆ రాయిని మిషనుతో కోస్తే షెడ్డులో పక్కనున్న మనిషి కనపడడు. వాయుదేవుడి కొడుకును చెక్కుతూ ఊపిరి పోగొట్టుకోవడం ఏం భక్తి అని నాకు ఒళ్ళు మండింది. ఆ మాట పైకి అనలేదు. అనేంత మొనగాణ్ణి అయితే ఉలే పట్టి ఉండేవాణ్ణి.

నా భార్య అలాంటి భయాలేవీ పెట్టుకోదు. ఒకరోజు అన్నం వడ్డిస్తూ గిన్నె ఠక్కున కింద పెట్టి, "సావుకారి చీరలకు గాలి బాగజేస్తాండావు. మా నాయనకు చేయలేవా బావా?" అంది. ఆ రోజు కూరలో ఉప్పు లేదు, అది అడిగే ధైర్యం కూడా లేకపోయింది.

ఆ వారమే మామ షెడ్డుకు డబ్బాలు బిగించాను. గోడకు దుమ్ము లాగే పెద్ద ఫ్యాన్లు, రాయి మీదికి నీటి తుంపర, డబ్బాల మీద చిన్న లైట్లు. దుమ్ము తక్కువైతే పచ్చ లైటు, పెరిగితే ఎర్ర లైటు. ఎర్ర లైటు రాగానే ఫ్యాన్లు తిరుగుతాయి, నీళ్ళు చిమ్ముతాయి. అయినా దుమ్ము తగ్గకపోతే కోత మిషన్లకు కరెంటు దానంతట అదే ఆగిపోతుంది. ఈ చివరి ఏర్పాటు నా భార్య పట్టుబట్టి పెట్టించింది. తండ్రి సంగతి ఆమెకు తెలుసు.

మొదటిసారి కరెంటు ఆగినప్పుడు మామ ఆంజనేయుడి భుజం పని మీద ఉన్నాడు. కరెంటోళ్ళను ఒక విడత తిట్టి, పక్క షెడ్డులో మిషను మోగడం విని ఆగి, గోడ మీద ఎర్రగా మెరుస్తున్న డబ్బాను చూశాడు. ఆ తర్వాత తిట్లన్నీ దానికే. దానికి ఎస్సై అని పేరు పెట్టాడు. ఎస్సై లాఠీ తీసినాడు, ఎస్సై టీకి పోయినాడు, ఇప్పుడు కోయొచ్చు అంటూ పనివాళ్ళతో వెటకారాలు. అయితే మనిషి ఎంత మొండివాడైనా కరెంటు లేకపోతే ఏం చేస్తాడు. మిషను పక్కన పెట్టి, దుమ్ము అణిగేదాకా బయట కూర్చుని, నీళ్ళు చల్లుకుని, ఉలితో చేసే పని ఉలితోనే చేయడం మొదలుపెట్టాడు. దగ్గు తగ్గింది. మా అత్త ఫోన్ చేసి, మీ మామ నిన్న మళ్ళీ గేదె దాకా వచ్చినాడని సంతోషంగా చెప్పింది.

ఇంతలో దసరా వచ్చింది. ఆయుధపూజ మా ఇళ్ళల్లో పెళ్ళి కంటే పెద్ద తంతు. ఉలులు, సుత్తులు కడిగి వరసగా పేర్చి, గంధం పూసి, కుంకుమ పెడతారు. మిషన్లకు బొట్టు, మోటారుకు బొట్టు, స్కూటరుకు నిమ్మకాయ. అన్నం పెట్టే పనిముట్టును ఒక్కదాన్ని మరిచిపోయినా అది ఏడాదంతా అలుగుతుందని మా అత్త నమ్మకం. నేను ఆ పూట నంద్యాలలో సావుకారి అంగడిలో పూజ బటన్ నొక్కుతూ నా తెలివికి మురిసిపోతున్నాను. ఆళ్ళగడ్డలో మా అత్త స్టూలెక్కి, మా అల్లుడు పెట్టిన డబ్బాలు, ఇంటాయన పాణాన్ని కాసేవి అని, ఒక్కో డబ్బాకూ ముఖం నిండా గంధం పట్టించి, మధ్యలో రూపాయి బిళ్ళంత కుంకుమ బొట్టు పెట్టింది. మిగతా పనిముట్లకంటే వాటికే ఎక్కువ పూసిందట. ప్రేమ ఎక్కువైన చోట గంధం కూడా ఎక్కువే పడుతుంది.

గంధం ఎండి బొక్కలు మూసుకుపోయాయి. డబ్బాలకు ఊపిరి ఆడలేదు. లోపల చిక్కుకున్న పూజనాటి గాలినే రోజూ చూసుకుంటూ, ఆహా ఎంత శుభ్రంగా ఉంది అని పచ్చ లైటు వేసుకుని కూర్చున్నాయి. ఫ్యాన్లు తిరగలేదు, నీళ్ళు చిమ్మలేదు, కరెంటు ఆగలేదు. మామ కొంచెం కోసి చూశాడు, ఎస్సై ఏమీ అనలేదు. ఇంకా కోశాడు. పూజ చేసినాక దీనికి బుద్ధొచ్చిందని అందరికీ చెప్పి, ఆంజనేయుడి పని ఆలస్యమైందని పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా మిషను దింపకుండా పట్టాడు. పచ్చ లైటు ఉంది కదా అని తువ్వాలు కూడా దండెం మీదికి పోయింది.

డబ్బాలు నా ఫోన్‌కు పంపే దుమ్ము లెక్క గీత ఎగుడుదిగుడు లేకుండా పచ్చగా పోతూ ఉంది. మామ దారికొచ్చాడని నేను పొంగిపోయి, దాన్ని సావుకారికి కూడా చూపించాను. బొమ్మలు చెక్కే చోట పట్టుచీరల అంగడి కంటే శుభ్రమైన గాలి ఉందంటే ఆయనకు కొంచెం మనసు నొచ్చింది. తన డబ్బాలు పాతవైపోయాయేమో చూడమన్నాడు.

నా భార్య ఫోన్ చూడదు, ఫోన్లో వింటుంది. రోజూ తండ్రితో మాట్లాడుతుంది. ఒకరోజు మాట్లాడి పెట్టేసి నా ముందుకొచ్చి నిలబడింది. "నీ ఫోన్ పచ్చగుందంటాంది బావా. మా నాయన దగ్గు అట్ల లేదు," అంది. మిషను అబద్ధం చెప్పదని నేను చెప్పబోయాను. ఆమె అప్పటికే చెప్పులు వేసుకుంటోంది.

మేము వెళ్ళేసరికి షెడ్డు పిండిమర కంటే తెల్లగా ఉంది. నేల తెల్లన, గోడలు తెల్లన, ఆంజనేయుడి భుజాలు తెల్లన. ఆయన పక్కన ఇంకో తెల్లటి ఆకారం ఉంది. అది దగ్గితే గానీ మామ అని తెలియలేదు. గోడ మీద నా డబ్బా, కొత్త పెళ్ళికూతురి ముఖంతో, నిండుగా బొట్టు పెట్టుకుని, పచ్చగా వెలుగుతోంది. ఒక్క క్షణంలో అంతా అర్థమైంది. మరుక్షణం కోపం వచ్చింది. స్టూలు లాక్కుని ఎక్కి, చేతిరుమాలు తీసి బొట్టు మీద పెట్టబోయాను.

మా అత్త పరుగున వచ్చి నా కాలు పట్టుకుంది. "పెట్టిన బొట్టు చెరపగూడదు అల్లుడా. అదే రాలిపోవాల," అంది. బొట్టు చెరపడమంటే ఆమెకు ఏమిటో నాకు తెలుసు. ఆ ఇంటాయన అప్పుడు అక్కడే వంగి దగ్గుతున్నాడు. నేను స్టూలు మీద, ఆమె నా కాలి దగ్గర. కాలు విదిలిస్తే ఆమె పడుతుంది, ఊరుకుంటే ఆయన పోతాడు. దీనికి పనికొచ్చే బటన్ నా దగ్గర లేదు.

మామ దగ్గు ఆపుకుని ఏమైందని అడిగాడు. నేను అక్కడి నుంచే చెప్పాను, గంధం దీని ముక్కు మూసేసింది, పూజ నాటి నుంచి ఇది ఏమీ చూడటం లేదు, పచ్చ లైటు ఒట్టిది అని. ఆయన డబ్బాను చూశాడు, షెడ్డును చూశాడు, తన చేతులు చూసుకున్నాడు. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు.

అప్పుడు నా భార్య ముందుకొచ్చింది. ఆమె ఏడుస్తోంది, దాచుకోవడం లేదు. "నాయనా, దేవుడు ఇంకో శిల్పిని చూసుకుంటాడు. నాకు ఇంకో నాయన యాడుండాడు?" అంది.

మామ నన్ను స్టూలు దిగమని సైగ చేసి, తనే ఎక్కాడు. ఉలులు చుట్టిన గుడ్డలోంచి విగ్రహాలకు కనురెప్పలు గీసే సన్నటి ఉలి తీశాడు. మా అత్త మళ్ళీ అడ్డం పోబోతే, "తుడిచేది గాదే. కండ్లు తెరిపిస్తాండా. నువ్వు పోయి అద్దం తీసకరాపో," అన్నాడు.

విగ్రహానికి చివర కళ్ళు తెరిపించేటప్పుడు ఎదురుగా మనిషి ఉండకూడదు. మొదటి చూపు మనిషి మీద పడితే ఆ మనిషి తట్టుకోలేడంటారు. అందుకే అద్దం పెడతారు. అత్తకు ఇది అర్థమైన మాట. కళ్ళొత్తుకుని లోపలికి పోయి మామ గడ్డం గీసుకునే అద్దం తెచ్చి, పక్కకు నిలబడి డబ్బాకు ఎదురుగా పట్టింది. మామ ఊపిరి బిగబట్టి ఒక్కో బొక్కలోంచీ గంధాన్ని రాల్చాడు. కుంకుమ బొట్టును ఒక గీత కూడా చెదరనివ్వకుండా ఉలి మొనతో ఊడదీసి, పొట్టు కూడా రాలకుండా డబ్బా నుదుటికి, బొక్కలు లేని చోటికి జరిపి అద్దాడు. ఇంత జాగ్రత్తగా డబ్బా శుభ్రం చేయడం నేను కంపెనీవాళ్ళ దగ్గర కూడా చూడలేదు.

డబ్బా కాసేపు పచ్చగానే ఉండి ఎర్రబడింది. ఫ్యాన్లు ఒక్కసారిగా మోగాయి, నీళ్ళు చిమ్మాయి, ఆ దుమ్ముకు అవీ చాలక కోత మిషన్లకు కరెంటు కూడా ఆగిపోయింది. ఆ గాలికి అత్త చేతిలో అద్దం మామ వైపు తిరిగింది. మామ అందులో తనను చూసుకున్నాడు. తల నిండా రాతిపొడి, కనుబొమ్మలు కూడా తెల్లన. చాలాసేపు చూశాడు. "దీనికి ఇంగా కండ్లు తెరవలేదే," అన్నాడు, తనకు తానే చెప్పుకున్నట్టు. స్టూలు దిగి బయటికి పోయి, కూతురు నీళ్ళు పోస్తుంటే తల వంచుకుని ముఖం కడుక్కున్నాడు.

ఆ తర్వాత ఆయన మహాత్ముడైపోయాడని చెప్పను. ఎస్సై మీద వెటకారాలు అలాగే ఉన్నాయి. కాకపోతే మాస్కు పెట్టుకున్నాడు, పెట్టుకున్నంతసేపు తిట్టలేడు కాబట్టి షెడ్డులో ఎప్పుడూ లేని నిశ్శబ్దం వచ్చింది. ఆంజనేయుడు ఆలస్యంగానే గోస్పాడు వైపు వెళ్ళాడు. రైతులు గొణిగారు, విగ్రహాన్ని చూసి మానుకున్నారు. డాక్టర్ మళ్ళీ ఎక్స్‌రే చూసి, మిగిలింది మిగిలే ఉందన్నాడు. మరుసటి దసరాకు అత్త స్టూలెక్కే ముందు మామ డబ్బాల నుదుట పెన్సిలుతో గీతలు గీసి, గంధం ఇంతవరకే అని చూపించాడు.

డబ్బాలు మరీ ఎత్తున ఉన్నాయని, తన ముక్కు ఎత్తుకు దించమని కూడా ఆయనే అడిగాడు. మొన్న ఒక ఆదివారం నేనూ నా భార్యా వెళ్ళాం. నేను ఒక డబ్బా విప్పి, కిందికి దించి, మరలు బిగించాను. మామ బయటి నుంచి వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని, తల పక్కకు వాల్చి చూశాడు. మాస్కు గడ్డం కిందికి లాగాడు.

డబ్బా వంకరగా ఉందట. మా ముత్తాత కూడా ఇట్లాగే గుడి మెట్టు వంకరగా పెట్టాడట. మా తాత ఆ మెట్టు మీద జారాడట, జారినా బుద్ధి రాలేదట. మా గేదె కూడా కొట్టంలో వంకరగానే పడుకునేదట, దానికి కూడా మా ఇంటి గాలే సోకిందట. ఈ వంకరంతా వరసగా దిగి దిగి చివరికి నా చేతుల్లోకి వచ్చి చేరిందట. పాత తిట్లంత పొడవు లేదు, గొంతు కూడా శిరివెళ్ళ దాకా పోయేది కాదు. అయినా మొదటి నుంచి చివరిదాకా ఒక్క దగ్గు రాలేదు. నేను స్క్రూడ్రైవర్ పట్టుకుని తల వంచుకుని, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుంటే అన్నీ విన్నాను.

మామ మాస్కు పైకి లాక్కుని లోపలికి పోయాడు. వాకిట్లో నిలబడి ఊపిరి బిగబట్టి విన్న నా భార్య నా దగ్గరికి వచ్చి, ఇంకా బిగించని రెండో డబ్బాను నా చేతికిచ్చింది.

"ఇది గూడా వంకరగానే పెట్టు బావా," అంది.